మొదటి కాఫీకి ముందు

మిలుంకా అత్త గొంతు పాడైందని ఊళ్లో అందరికంటే ముందు ఆమె కోళ్లకే తెలిసింది. వాకిట్లో నిలబడి ఒక్క కేక వేస్తే తోట చివరి నుంచి రెక్కలు కొట్టుకుంటూ వచ్చే కోళ్లు, ఆ చలికాలం ఆమె పిలిస్తే ఒకసారి తలెత్తి చూసి మళ్లీ తమ పనిలో పడిపోయేవి. ఈ సంగతి నాకు చెప్పింది ఆమె తోడికోడలు కొసానా.

"తుప్పు పట్టిన గిలకలా కిర్రుమంటే ఏ కోడి వస్తుందే నేదా? నేనైతే పారిపోయేదాన్ని" అంది.

మిలుంకా అత్త ఆ పక్కనే, మా ఆసుపత్రి కుర్చీలో ఉంది. మార్చి నెల ఎండ కిటికీలోంచి ఒళ్లోకి పడుతున్నా ఉన్ని శాలువా తీయలేదు. నవ్వడానికి కూడా బద్ధకం అన్నట్టు పెదవి చివర కొంచెం కదిపి ఊరుకుంది.

మా ఊరి ఆసుపత్రి అంటే ఒక గది, ఒక బల్ల, తూకం యంత్రం, నేదా అనే నర్సును నేను. డాక్టర్ యాగొదా మంగళ, శుక్రవారాల్లో పట్నం నుంచి వస్తుంది. మిగిలిన రోజుల్లో రక్తం తీయడం, కట్లు కట్టడం, బీపీ చూడటం నా పని. మాటలు నాకు పెద్దగా రావు. వచ్చినవాళ్లే మాట్లాడుతుంటారు, నేను వింటుంటాను.

మిలుంకా అత్తకు యాభై రెండేళ్లు. థైరాయిడ్ గ్రంథి మందగించిందని ఏడాది కిందట తేలింది. ముందు చలి, తర్వాత నిద్ర, తర్వాత ముఖం ఉబ్బు, ఆఖరికి గొంతు బొంగురు. రోజుకొక యాభై మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. అది డెబ్బయ్యైదు అయింది. గొంతు మాత్రం రాలేదు.

అదే ఇంకొకరి గొంతయితే ఊరు పట్టించుకునేది కాదు. మా ఊరి ఆడవాళ్ల పాటల జట్టులో పాట ఎత్తుకునేది మిలుంకా అత్తే. మా పశ్చిమ సెర్బియా కొండల్లో పాట అలాగే పాడతారు. ఒకరు పైస్థాయిలో ఎత్తుకుంటారు, రెండో పాదం దగ్గర మిగతావాళ్లు కింది నుంచి వచ్చి ఆనుకుంటారు. ఎత్తుకున్న గొంతు నిలబడితేనే కిందివాళ్లకు చోటు. ఆగస్టు రెండో ఆదివారం చుట్టుపక్కల ఊళ్లన్నీ ఏటి పైనున్న పచ్చికబయలు మీద చేరి పాడతాయి. ఇరవై ఒక్క ఏళ్లుగా మా ఊరి తరఫున ఆమే ఎత్తుకుంటోంది. పోయిన ఏడు మాత్రం పాట మధ్యలో గొంతు జారిపోయి ఆగిపోయింది. జనం ఆమె ఏడుస్తోందనుకుని చప్పట్లు కొట్టారు.

"అవి జాలి చప్పట్లు" అంది డాక్టరుతో ఆ రోజు. "జాలితో కొట్టించుకునే చప్పట్లు నాకొద్దు. ఈ ఆగస్టుకి గొంతు రాకపోతే ఇక పాడను. అంతే."

"ఆవిడ పాడకపోతే జట్టు కూడా లేదు డాక్టరమ్మా" అంది కొసానా. "మేం నలుగురం కిందనుంచి ఆనుకునేవాళ్లమే. గోడ లేకపోతే దేన్ని ఆనుకుంటాం?"

"నువ్వు ఎత్తుకోవచ్చుగా?" అంది డాక్టరు.

"నేనా! నేను ఎత్తుకుంటే బయలు మీద జనం లేచి పశువులు తప్పిపోయాయేమో చూసుకోవడానికి పోతారు."

డాక్టరు నవ్వి, కాగితం వైపు చూసి నవ్వు ఆపేసింది. థైరాయిడ్ మందగించే కొద్దీ పెరిగే అంకె టీఎస్‌హెచ్; నాలుగు దాటకూడనిది పదకొండు ఉంది.

"మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"మీరు చెప్పినట్టే. లేవగానే, ఏమీ తినకముందు."

"మధ్యలో మానేసిన రోజులున్నాయా?"

"ఒక్కటి లేదు. మనవరాలి బాప్తిస్మం రోజు కూడా మానలేదు."

"కాల్షియం బిళ్లలు, ఇనుము బిళ్లలు ఏమైనా?"

"అవేమిటో నేనెరగను తల్లీ."

డాక్టరు మాత్రను నూరు చేసింది. మే నెలలో మళ్లీ రక్తం తీశాను. తొమ్మిదిన్నర. నూట ఇరవై అయిదు చేసింది. "ఇంత పవర్ ఇస్తున్నా కదలదేమిటి?" అని తనలో తను అనుకుంది. జులై దాకా చూసి, అప్పటికీ తగ్గకపోతే మందు ఒంటికి ఎందుకు పట్టడం లేదో పట్నంలో కడుపు పరీక్ష చేయిద్దామంది. జులై అనేసరికి మిలుంకా అత్త వేళ్లమీద వారాలు లెక్కపెట్టుకుని, లెక్క నచ్చక చేతులు శాలువాలో దాచుకుంది.

జూన్ మొదట్లో కొసానా భర్త రాదోయే గడ్డి కోస్తూ కొడవలితో మోకాలి కింద కోసుకున్నాడు. రోజూ ఆసుపత్రి తెరవకముందు నేనే వెళ్లి కట్టు మార్చేదాన్ని. అన్నదమ్ముల రెండిళ్లకీ ఒకటే వాకిలి. మొదటి రోజు నేను వెళ్లేసరికి తెల్లవారుజాము అయిదు. ద్రాక్షపందిరి కింద బల్ల మీద మూడు చిన్న కప్పులున్నాయి. నన్ను చూసి కొసానా నాలుగోది తెచ్చింది.

"కాలు చాపండి" అన్నాను.

"ముందు కాఫీ, తర్వాత కాలు" అన్నాడు రాదోయే. "కాఫీ తాగకముందు నెప్పి కూడా సరిగ్గా తెలీదు."

అప్పుడు ఎదురింట్లోంచి మిలుంకా అత్త వచ్చింది. జూన్ నెలలో ఉన్ని జాకెట్టు. బల్ల దగ్గర కూర్చుని కొంచెంసేపు కళ్లు మూసుకుంది. కొసానా పొడుగు కాడ గిన్నెలోంచి నురగ చెదరకుండా కప్పులు నింపింది. మిలుంకా అత్త ఏప్రన్ జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి నొక్కి నాలుక మీద వేసుకుని, కాఫీని రెండుసార్లు ఊది, మొదటి గుక్కతో మింగేసింది. ఆ వెంటనే రాస్ప్‌బెర్రీ పాకం ఒక చెంచా, ఆ తర్వాత నీళ్లు.

నేను కప్పు చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

"ఏమే, నురగలో ఈగ పడిందా?" అంది కొసానా.

"అత్తా, మాత్ర రోజూ ఇలాగే వేసుకుంటారా?"

"మరెలాగ? లేవగానే, తినకముందు."

"కాఫీ తాగారుగా."

"కాఫీ తిండెప్పుడయింది? తినొద్దంది డాక్టరమ్మ. నేనేం తిన్నాను?"

"లేవగానే అన్నారు కదా ఆవిడ..."

"లేవడం అంటే మరేమిటే?" అంది మిలుంకా అత్త, నాకు బుద్ధి చెబుతున్నట్టు. "కాఫీ తాగకుండా ఎవరైనా లేస్తారా? అప్పటిదాకా కళ్లు తెరిచి పడుకున్నట్టే లెక్క."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమెనేం అనగలను? ఆ పొద్దున నేనూ మా అమ్మతో కాఫీ తాగే బయల్దేరాను. పొద్దున ఏం తీసుకున్నావని ఎవరైనా అడిగితే ఏమీ లేదనే చెప్పేదాన్ని. మా ఇళ్లల్లో మొదటి కాఫీ గాలి పీల్చడం లాంటిది, అదొక పని అని ఎవరికీ తట్టదు. డాక్టరుకీ తట్టలేదు. ఆవిడదీ మా పక్క ఊరే.

నాకు వచ్చినట్టు చెప్పాను. కాఫీతో వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు, చాలామటుకు వృథాగా పోతుంది. మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత గంటసేపు ఏదీ ముట్టకూడదు, కాఫీ కూడా.

రాదోయే చేతిలోని కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"అంటే ఏడాది నుంచి ఆ మందంతా తాగింది మా కాఫీ గిన్నెనా, మా అక్క కాదా?" అంది కొసానా.

"గంటా?" అంది మిలుంకా అత్త. "గంటసేపు నేనేం చెయ్యను? గోడ చూస్తూ కూర్చోనా?"

"మీరు కొంచెం ముందు లేస్తే..."

"ఇంకా ముందా! ఇప్పుడే నిద్ర చాలక చస్తున్నాను."

ఉపాయం కొసానాదే. నాలుగున్నరకి ఆవు పాలు పితకడానికి వెళ్తూ చీపురు కర్రతో అక్క కిటికీ మీద కొడుతుంది. అక్క చెయ్యి బయటపెట్టి నీళ్లగ్లాసు, మాత్ర అందుకుని, మింగి, మళ్లీ పడుకుంటుంది. అయిదున్నరకి కాఫీ.

"నువ్వు మామూలు వేళకి తాగెయ్యి, నా కోసం ఆగకు" అంది మిలుంకా అత్త.

"మొదటి కాఫీ ఒక్కదాన్నే తాగడానికి నాకేం పట్టింది? ఇరవై ఆరేళ్లయింది ఈ ఇంటికొచ్చి. నిన్ను తిట్టుకున్న రోజు కూడా నీతోనే తాగాను."

అలా కొసానా కూడా లేచిన గంటదాకా కాఫీ మొహం చూడటం మానేసింది. ఆ గంటలో మా ఆవిడకి ఎదురుపడొద్దని ఆవుక్కూడా చెప్పానని రాదోయే కట్టు కట్టించుకుంటూ నాతో అన్నాడు.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. చెప్పాల్సింది మిలుంకా అత్తకు చెప్పేశాను కదా, ఇక మందు పనిచేస్తుందని సంతోషపడ్డాను. డాక్టరుకు చెప్పలేదు. ఆ శుక్రవారం ఆవిడ హడావిడిగా వచ్చి, చీట్లు రాసి, అయిదు వారాల సెలవు మీద వెళ్లింది. ఆవిడ బదులు వచ్చిన కుర్ర డాక్టరు అడిగినదానికి తప్ప తలెత్తలేదు. ఫైల్లో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నూట ఇరవై అయిదు అనేది కాఫీకి సగం పోయి మిగిలింది చాలక పెంచిన మాత్ర అని నాకు తట్టనే లేదు.

రెండు వారాలకు మిలుంకా అత్త ఉన్ని జాకెట్టు విప్పేసింది. మూడో వారం ముఖంలో ఉబ్బు తీసింది. ఒకరోజు ఆసుపత్రి కిటికీ లోంచి ఆమె పాట వినపడి సూది చేతిలో పట్టుకునే నిలబడిపోయాను. గొంతు వచ్చింది. పైస్థాయిలో, గంట కొట్టినట్టు స్పష్టంగా. రోడ్డు మీద ట్రాక్టరు తోలుకెళ్తున్న మనిషి కూడా ఇంజను ఆపి విన్నాడు.

అప్పటికి రాస్ప్‌బెర్రీలు పండాయి. ఊరంతా కోతల్లో ఉంది. ముందటి ఏడు సగం సాలు కోసి కూర్చుండిపోయిన మనిషి, ఈసారి ఇద్దరు కూలీల కంటే ముందు సాలు చివరికి చేరేది. సాయంత్రం అందరూ నడుములు పట్టుకుని కూర్చుంటే ఆమె చావిడికి సున్నం వేసింది. మర్నాడు కొసానా చావిడికీ వేసింది. ఆ మర్నాడు తివాచీలన్నీ ఏట్లో ఉతికింది.

"పోయిన ఏడు ఎద్దు, ఈ ఏడు కందిరీగ" అంది కొసానా. "నా వంటిల్లు సర్దేసిందే! ఉప్పు దొరక్క రెండు రోజులు చప్పిడి చారు తిన్నాం."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

గురువారాల్లో బడి వరండాలో జట్టు సాధన చేసేది. జులై రెండో గురువారం నేను వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. మిలుంకా అత్త ఎత్తుకుంది. గొంతు బాగుంది. కానీ ఊపిరి ఆగేచోట ఆగడం లేదు. రెండో పాదం దగ్గర మిగతా నలుగురూ నోరు తెరిచేలోపు మూడో పాదంలో ఉంది.

"అక్కా, ఎవరు తరుముతున్నారు?" అంది కొసానా. "మేం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం, నువ్వు పెరటిగుండా వెళ్లిపోయావు."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. నీళ్లు తాగుదామని గ్లాసు అందుకుంటే మిలుంకా అత్త చెయ్యి వణికి నీళ్లు ఏప్రన్ మీద ఒలికాయి. ఎవరూ చూడలేదనుకుని తుడుచుకుంది.

సాధన అయ్యాక ఆమె పక్కన నడుస్తూ చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు మీద వేళ్లు పెట్టి గడియారం చూశాను. నూట పన్నెండు. ఊరికే నడుస్తున్న మనిషికి.

"నిద్ర పడుతోందా అత్తా?"

"నిద్రెందుకు? ఏడాది పడుకున్నాగా."

"గుండె దడదడలాడుతోందా?"

ఆమె ఆగి చుట్టూ చూసింది. "కొంచెం" అంది నెమ్మదిగా. "ఒక్కోసారి బోర్లా పడుకుంటే పరుపులో కూడా వినపడుతుంది. నేదా, చూడు తల్లీ, ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పకు. చెబితే మందు తగ్గిస్తుంది. తగ్గిస్తే గొంతు మళ్లీ పోతుంది. ఇంకా నాలుగు వారాలే కదా. ఆగస్టు దాటనీ, తర్వాత ఏం తగ్గించుకుంటారో తగ్గించుకోండి."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంది ఆమె. నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

మంగళవారం ఆసుపత్రి ముందే తెరిచి కూర్చున్నాను. సెలవు నుంచి వచ్చిన డాక్టరు ముందు నిలబడి అంతా చెప్పాను. కాఫీ సంగతి, కిటికీ మీద చీపురు కర్ర, నేను రాయని ముక్క, నూట పన్నెండు. అంత పొడుగు మాట నా జీవితంలో అప్పటిదాకా ఎవరితోనూ ఆడలేదు.

"నువ్వు నాకు జూన్‌లో ఫోన్ చెయ్యాల్సింది" అంది డాక్టరు. కోపంగా కాదు, అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత నుదురు కొట్టుకుంది. "నేనూ అడగాల్సింది. నాకూ మా అమ్మకూ కాఫీ లేకుండా తెల్లారదు. పద, ఆవిణ్ణి పిలువు."

మిలుంకా అత్త వస్తూనే నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి సున్నం వేసిన గోడకైనా పగులు వచ్చేది. రక్తం తీశాను, తల వంచుకునే. శుక్రవారం ఫలితం వచ్చింది. పదకొండు దగ్గర కదలనన్న టీఎస్‌హెచ్, మందు ఎక్కువైపోయి, ఇప్పుడు సున్నా పక్కన నక్కి ఉంది.

"మూడు రోజులు మాత్ర ఆపుదాం. తర్వాత డెబ్బయ్యైదు" అంది డాక్టరు.

"డెబ్బయ్యైదుతో నాకు గొంతు రాలేదు డాక్టరమ్మా!"

"అప్పుడు మీరు వేసుకున్నది డెబ్బయ్యైదు కాదు. కాఫీ మిగిల్చింది వేసుకున్నారు."

"తగ్గిస్తే మళ్లీ పోతుంది. నాకు తెలుసు."

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మిలుంకా గారూ, గొంతు తెచ్చింది ఎక్కువ మందు కాదు, సరిపడా మందు. ఎక్కువైనది మీ గుండెను తరుముతోంది. ఇలాగే ఉంటే ఆ బయలు మీద పాట మధ్యలో గుండె లయ తప్పొచ్చు. అప్పుడు జాలి చప్పట్లు కూడా ఉండవు, అంబులెన్సు ఉంటుంది. గొంతు ఒక్క వారంలో ఎక్కడికీ పోదు."

"పోతే?"

"పోతే నన్ను అడగండి. నేదాను కాదు."

మిలుంకా అత్త లేచి, "నేదాను ఇక దేనికీ అడగను" అంది. వెళ్లిపోయింది.

ఆ మాట నిలబెట్టుకుంది. నాడి చూడటానికి రెండ్రోజులకోసారి వెళ్తే చెయ్యి ఇచ్చేది, మొహం ఇచ్చేది కాదు. చెప్పాల్సింది ఉంటే నన్ను ఎదురుగా పెట్టుకుని కొసానాకు చెప్పేది.

"కొసానా, ఆవిడతో చెప్పు, రాత్రి అయిదు గంటలు పడుకున్నానని."

"నేదా, రాత్రి అయిదు గంటలు పడుకుందిట."

"విన్నాను."

"అక్కా, విందిట."

తొంభై ఎనిమిది. తొంభై రెండు. ఎనభై ఆరు. చెయ్యి వణకడం తగ్గింది. నాడి తగ్గుతున్న కొద్దీ ఆమె భయం పెరిగింది. పొద్దున్నే తోటలోకి వెళ్లి, ఎవరూ లేనప్పుడు ఒక పాదం పాడి చూసుకునేది. ఆకు కింద కోడి గుడ్డు ఉందో లేదో చూసుకున్నట్టు. ఉంటే గబుక్కున నోరు మూసేసేది, ఎక్కువ వాడితే అయిపోతుందేమోనని. చివరి రెండు గురువారాలూ సాధనకు రాలేదు. జట్టులో ఎవరికీ ఏం జరగబోతోందో తెలియదు.

ఆగస్టు రెండో ఆదివారం వచ్చింది. బయలు మీద పొయ్యిల పొగ, కాలుతున్న గొర్రెమాంసం వాసన, ఎనిమిది ఊళ్ల జనం. మా ఊరి పేరు నాలుగోది. వేదిక వెనక అయిదుగురూ ఎర్ర ఏప్రన్లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. మిలుంకా అత్త ముఖం పాలిపోయి ఉంది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. డెబ్బై ఎనిమిది.

"కొసానా, ఎంతుందో ఆవిణ్ణి అడుగు."

"డెబ్బై ఎనిమిది" అన్నాను.

"నా గుండే? ఇలాంటి రోజునా?" అంది, నాతోనో కొసానాతోనో తేల్చకుండా. అంతలో పేరు పిలిచారు.

పైకెక్కి నిలబడింది. పోయిన ఏడు చప్పట్లు కొట్టినవాళ్లు చాలామంది ముందు వరసల్లోనే ఉన్నారు, మళ్లీ ఏమవుతుందోనన్న ముఖాలతో. ఆమె ఏప్రన్ సర్దుకుంది. నేను మెట్టు అంచు పట్టుకున్నాను. కొసానా పక్కకి, అక్క వైపు చూసింది.

ఎత్తుకుంది.

గొంతు లేచింది. తొందరలేకుండా, కొండెక్కే మనిషి అడుగు తర్వాత అడుగు వేసినట్టు. మొదటి పాదం చివర ఊపిరి ఆగేచోట ఆగింది. ఆ ఖాళీలోకి నలుగురూ కిందనుంచి వచ్చి ఆనుకున్నారు, ఒక్కరూ ముందు రాలేదు, ఒక్కరూ వెనకపడలేదు. రెండో పాదానికి మాంసం కోస్తున్నవాళ్లు కత్తులు దించారు. పోయిన ఏడు గొంతు జారిన చోటు వచ్చింది. నాకు తెలుసు, కొసానాకు తెలుసు, ఎందుకంటే ఆమె భుజం అక్క భుజానికి ఆనించింది. ఆ చోటు దాటిపోయింది. ఆఖరి స్వరాన్ని మిలుంకా అత్త ఎంతసేపు నిలబెట్టిందంటే, పక్క ఊరి ముసలాయన ఒకడు టోపీ తీసి చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

చప్పట్లు మొదలయ్యాయి. కాళ్లు నేలకేసి తన్నారు, ఈలలు వేశారు. ఇంకొకటి పాడమని వెనక నుంచి ఎవరో అరిచారు, అది అందరూ అందుకున్నారు.

ఆమె వేదిక అంచుకి వచ్చి, జనంలో వెతికి, నన్ను చూసింది. నెల రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా నావైపు.

"ఏమే నేదా, ఇంకోటి పాడొచ్చా, లేక మళ్లీ చెయ్యి చూడాలంటావా?"

"పాడండి అత్తా."

"చూశావా కొసానా, నర్సమ్మ ఒప్పుకుంది" అని, తల వెనక్కి తిప్పకుండానే రెండో పాట ఎత్తుకుంది.